అటక మీద దొరికిన పాత ఇనుప వాఫుల్ అచ్చు – మళ్లీ వాడుకోవడం ఎలా?

బొబ్బిలి_మనవరాలు:
అందరికీ నమస్కారం. మాది విజయనగరం, కంటోన్మెంట్ వైపు. పండక్కి ఇల్లు దులుపుతుంటే అటక మీద గోనెసంచిలో చుట్టి ఒక ఇనుప సామాను దొరికింది. రెండు గుండ్రటి పళ్లేలు ఒకదాని మీద ఒకటి మూసుకుంటాయి, లోపలంతా చిన్న చిన్న గళ్లు, రెండింటికీ తీగ చుట్టిన పిడులు, కింద ఒక ఇనుప చుట్టు. బరువు నాలుగు కిలోల దాకా ఉంటుంది. చూడగానే గులాబీ పువ్వుల అచ్చుకి పెద్దక్క అనిపించింది. వెనకాల గ్రిస్‌వోల్డ్ అనీ, ఈరీ అనీ, 8 అనీ, 1908 అనీ పోతలోనే అచ్చయి ఉన్నాయి. ఒళ్లంతా తుప్పు.

మా నాన్నమ్మకి ఇప్పుడు 84. చూపించగానే చేత్తో తడిమి "ఇది గళ్లట్టు పెనం కదే" అంది. వాళ్లమ్మ బొబ్బిలిలో మిషన్ బంగళాలో వంట చేసేదట. దొరసాని వెళ్లిపోతూ ఇచ్చేసిందట. నాన్నమ్మ చిన్నప్పుడు కుంపటి మీద కాల్చి పెట్టేవారట, ఆ తరవాత ఎవరూ ముట్టలేదు. పండగ లోపల దీని మీద ఒక్క వాఫుల్ (నాన్నమ్మ అనే ఆ గళ్లట్టే) అయినా చేసి ఆవిడకి పెట్టాలని నా కోరిక. తుప్పు ఎలా వదిలించాలి, పిండి ఎలా కలపాలి, తెలిసినవాళ్లు చెప్పండి. మా తమ్ముడు గ్రైండర్‌కి వైర్ బ్రష్ పెట్టి రుద్దేస్తానంటున్నాడు, వాడిని రెండు రోజులు ఆపగలను, అంతే.

పెనం_ప్రియుడు:
అక్కా, ముందు తమ్ముడి చేతిలోంచి ఆ గ్రైండర్ తీసుకోండి, మిగతావి తరవాత. పాత పోత ఇనుముకి గ్రైండర్ పెడితే గళ్ల అంచులు అరిగిపోతాయి, పైపొర గీతలు పడుతుంది, ఆ గీతల్లోనే పిండి పట్టుకుని వదలదు. ఆ కాలం పోతలు ఇప్పటి చవక పెనాల్లా గరుగ్గా ఉండవు, లోపలి భాగం నున్నగా ఉంటుంది, ఆ నునుపే దాని విలువ.

తుప్పుకి వెనిగర్, నీళ్లు సగం సగం కలిపి అందులో ముంచండి. అరగంట కంటే ఎక్కువ ఉంచొద్దు. తీసి నైలాన్ బ్రష్‌తో గళ్ల సందుల్లో తోమి, కడిగి, ఇంకా తుప్పు ఉంటే మళ్లీ అరగంట. రాత్రంతా వదిలేస్తే ఆమ్లం తుప్పుతో ఆగదు, ఇనుమునే తింటుంది. అయ్యాక వంటసోడా కలిపిన నీళ్లతో ఒకసారి కడిగి వెంటనే తుడిచి పొయ్యి మీద పెట్టి ఎండబెట్టాలి. ఆరనిద్దాం అని పక్కన పెట్టారా, పది నిమిషాల్లో నారింజ రంగు తుప్పు మళ్లీ లేస్తుంది. నేను ఉండేది శ్రీకాకుళంలో, మా ఉప్పుగాలికి ఇంకా తొందరగా లేస్తుంది.

సూర్యమహల్_అక్క:
వెనిగర్ లేకపోతే చింతపండు గుజ్జు కూడా పనిచేస్తుంది అమ్మా, మా అత్తగారు ఇనుప మూకుడు అలాగే బాగుచేసేవారు. కాస్త టైం ఎక్కువ పడుతుంది, అంతే. తుప్పు వదిలాక ఒకసారి ఫొటో పెట్టు.

టెక్కలి_మాస్టారు:
చాలా సంతోషం తల్లీ. మీ ఇంటి కథకి ఆధారం ఉంది. కెనడా బాప్టిస్టు మిషన్ వాళ్లు 1870ల నుంచీ మన వైపు ఉన్నారు. బొబ్బిలి, చికాకోల్ అని రాసుకున్న మన శ్రీకాకుళం, విజయనగరం, పాలకొండ, టెక్కలి, పర్లాకిమిడి, అన్ని చోట్లా వాళ్ల బంగళాలు ఉండేవి. అమెరికాలో పోసిన వంటసామాను బొబ్బిలి అటక మీదకి ఎలా వచ్చిందంటే ఇదే దారి కావడానికి అవకాశం చాలా ఉంది.

దాని మీద 1908 అని ఉంది కదా అని అదే ఏడాది పోసిందని అనుకోవద్దు. అది పేటెంటు తేదీ. ఆ తేదీతోనే తరవాత ఎన్నో ఏళ్లు పోశారు. గ్రిస్‌వోల్డ్ కంపెనీ పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఈరీ అనే ఊరిది, 1865లో మొదలై 1957 వరకు అక్కడ నడిచింది. 8 అన్నది అప్పటి ఇనుప పొయ్యిల మీద ఉండే కన్నం సైజుకి గుర్తు. ఈ రకం అచ్చులో గొప్పతనం ఆ పక్కనున్న గుండు కీలులో ఉంది. అంతకు ముందు ఐరోపాలో పొడుగాటి కాడలున్న పట్టకారుల్లాంటివి ఉండేవి, మంటలో పట్టుకుని కాల్చేవారు. పొయ్యి మీదే ఉంచి, ఎత్తకుండా తిరగేసే ఏర్పాటుకి న్యూయార్క్ రాష్ట్రం ట్రాయ్‌కి చెందిన కార్నీలియస్ స్వార్ట్‌వౌట్ 1869 ఆగస్టు 24న పేటెంటు తీసుకున్నాడు. అమెరికా వాళ్లు ఇప్పటికీ ఆగస్టు 24ని వాఫుల్ రోజుగా చేసుకుంటారు. నీ చేతిలో ఉన్నది ఆ వంశంలోదే.

భావనపాడు_తీరం:
ఒక్క మాట, దయచేసి తేలిగ్గా తీసుకోకండి. పాత ఇనుప గిన్నెలు, పెనాలు కొన్ని చోట్ల సీసం కరిగించడానికి వాడి ఉంటారు. మా వైపు వలలకి కట్టే సీసం గుళ్లు ఇంట్లోనే పోసుకునేవారు, సీసం 327 డిగ్రీలకే కరిగిపోతుంది కాబట్టి ఏదో ఒక పాత మూకుడు పట్టేవారు. అలాంటిది ఇనుప సామాన్ల కొట్టుకి చేరి, అక్కడినుంచి మళ్లీ వంటింట్లోకి వస్తే ప్రమాదం. మీది ఇంట్లోనే ఉన్నది కాబట్టి ఎవరైనా అలా వాడారేమో నాన్నమ్మగారినే అడగండి. గళ్లల్లో ఎక్కడైనా మెత్తగా, గోటితో గీస్తే మెరిసే బూడిదరంగు ముద్దలు కనిపిస్తే ఇక దాన్ని వంటకి వాడొద్దు. ఎంత తోమినా సీసం పోయిందని నమ్మడానికి లేదు. కొట్టులో కొనేవాళ్లు సీసం పరీక్ష కిట్‌తో చూసుకున్నాకే వాడండి.

బొబ్బిలి_మనవరాలు:
అడిగాను అన్నా. మా ఇంట్లో ఎవరూ వలలు వేసినవాళ్లు కారు, అప్పటి నుంచీ అదే గోనెసంచిలో ఉందట. గళ్లన్నీ టార్చి వేసి చూశాను, తుప్పు తప్ప ఏమీ లేదు. వెనిగర్‌లో మూడు సార్లు పెట్టాక అసలు రంగు వచ్చింది, నల్లగా కాదు, వెండి బూడిద రంగు. ఇప్పుడు నూనె పట్టించడం దగ్గర ఆగాను. ఏ నూనె? ఇంట్లో కొబ్బరి, వేరుశనగ, నువ్వుల నూనె ఉన్నాయి. ఒక వీడియోలో అవిసె నూనె అన్నారు.

పెనం_ప్రియుడు:
వేరుశనగ. సన్‌ఫ్లవర్ ఉన్నా మంచిదే. కొబ్బరి నూనె వద్దు, అది వేడికి గట్టిపడి పొరలా మారే రకం కాదు. అవిసె నూనె పొర అద్దంలా వస్తుంది కానీ చాలామందికి కొన్నాళ్లకి పెచ్చులుగా లేచిపోయింది, నాకూ లేచింది.

అసలు పని నూనెలో కాదు, తుడవడంలో ఉంది. గోరువెచ్చగా ఉన్నప్పుడు గుడ్డ పీలికతో ప్రతి గడిలోకీ నూనె రాసి, తరవాత వేరే పొడి గుడ్డతో అసలు నూనే రాయలేదేమో అన్నంత వరకు తుడిచెయ్యాలి. ఆ మిగిలిన పల్చటి తడి చాలు. మందంగా వదిలేస్తే జిగురు కడుతుంది, ఆ జిగురు మీద మొదటి వాఫుల్ అతుక్కుపోయి మీరు ఏడుస్తారు. ఓటీజీలో (కరెంటు ఓవెన్‌లో) పడితే 230 డిగ్రీల దగ్గర గంట, అందులోనే చల్లారనివ్వాలి. పట్టకపోతే పొయ్యి మీద పొగ వచ్చి ఆగేదాకా, తిప్పుతూ. ఇలా నాలుగైదు సార్లు. కిటికీలు తెరిచి చెయ్యండి, పొగ బాగా వస్తుంది.

సూర్యమహల్_అక్క:
పిండి నేను చెప్తాను. మైదా రెండు కప్పులు, బేకింగ్ పౌడర్ మూడు టీస్పూన్లు, ఉప్పు అర టీస్పూన్, పంచదార ఒక పెద్ద చెంచా కంటే ఎక్కువ వద్దు. పాలు ఒకటిముప్పావు కప్పు, కరిగించిన నెయ్యి అర కప్పు, గుడ్లు రెండు. తెల్లసొన వేరే గిలక్కొట్టి నురగ నిలబడేలా చేసి చివర్లో మెల్లగా కలపాలి. మైదాలో రెండు చెంచాలు తీసేసి కార్న్‌ఫ్లోర్ వేస్తే ఇంకా కరకరలాడుతుంది. పిండి ఉండలు కొంచెం మిగిలినా పర్వాలేదు, నున్నగా అయ్యేదాకా తిప్పితే సాగుడు వచ్చి వాఫుల్ తోలులా అవుతుంది.

వెన్న కంటే నెయ్యి ఎందుకంటే వెన్నలో ఆరో వంతు దాకా నీరే ఉంటుంది. వాఫుల్ పైన కరకరలాడాలంటే లోపలి నీరు ఆవిరై బయటికి పోవాలి. అందుకే మూత తీసే టైం గడియారం చూసి కాదు, ఆవిరి చూసి తెలుసుకోవాలి. పక్కల నుంచి వచ్చే ఆవిరి దాదాపు ఆగిపోయినప్పుడు అయిందని అర్థం. అంతకు ముందు మూత లాగితే వాఫుల్ రెండుగా చీలి సగం పైన, సగం కింద అతుక్కుంటుంది.

ఉద్దానం_కుర్రోడు:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మా మావయ్య షిప్పులో పనిచేసేటప్పుడు తెచ్చిన కరెంటు వాఫుల్ ఐరన్ ఒకటి మా ఇంట్లో ఉంది, గుండ్రంగా, స్టీల్‌లా మెరుస్తూ, మూత మీద చిన్న ముల్లు మీటరు, గుడ్డ చుట్టిన వైరు. 1950ల నాటిదని మావయ్య అనేవారు. కింద 120 వోల్టులు, 600 వాట్లు అని ఉంది. ప్లగ్ మార్చి పెట్టేయొచ్చా? ఈ త్రెడ్ చూశాక చెయ్యాలనిపిస్తోంది.

వైండింగ్_అన్న:
తమ్ముడూ, పెట్టొద్దు. రాజాంలో మోటార్ వైండింగ్ షాపు నాది, ఇలాంటివి చూశాను కాబట్టి లెక్క చెప్తా. 120 దగ్గర 600 వాట్లు అంటే కాయిల్ రెసిస్టెన్స్ 24 ఓమ్‌లు. అదే కాయిల్‌కి మన 230 ఇస్తే 230ని 230తో గుణించి 24తో భాగించు, 2200 వాట్లు. రెండింతలు కాదు, నాలుగింతలకి దగ్గర. నిమిషాల్లో ఎర్రబడి తెగిపోతుంది, లేకపోతే ముందు వైరు కాలుతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, 230 నుంచి 110కి, 1000 వీఏ అయితే నిశ్చింత. వాళ్ల కరెంటు సెకనుకి 60 సైకిల్స్, మనది 50, దాని గురించి టెన్షన్ వద్దు, కాయిల్‌కి ఆ తేడా తెలీదు. పై పళ్లెంలో ఒకటి, కింద ఒకటి కాయిల్ ఉంటాయి, రెండూ ప్యారలల్‌లో ఉంటే సీరీస్ చేసి నేరుగా 230కి పెట్టొచ్చని కొందరు చెప్తారు. మీటరుతో చూడకుండా ఆ పని చెయ్యకు.

ఇంకో ముఖ్యమైన సంగతి ఆ గుడ్డ వైరు. ఆ కాలంలో వేడి వస్తువుల వైర్లలో గుడ్డ కింద ఆస్‌బెస్టాస్ (పీలిస్తే ఊపిరితిత్తులకి హాని చేసే నార) వాడేవారు. దాన్ని కత్తితో చీల్చొద్దు, బ్లేడు పెట్టొద్దు, దులపొద్దు. తడిపి, అలాగే మొత్తం తీసి కవర్లో కట్టెయ్యి. కొత్తది వేడికి ఆగే మూడు పిన్నుల వైరు వేయించి, బాడీకి ఎర్త్ కలపాలి, పాత వాటికి ఎర్త్ ఉండదు. తరవాత మెగ్గర్‌తో (కరెంటు బాడీలోకి కారుతోందేమో చూసే మీటరుతో) లీకేజీ చూపించు. పలాస నుంచి రాజాం దూరమే గానీ తెస్తే నేనే చూస్తాను.

ఉద్దానం_కుర్రోడు:
అమ్మో, ఇందాకే వైరు చివర బ్లేడు పెట్టబోయాను. ఆపేశాను అన్నా. ఈ ఆదివారం తీసుకొస్తాను.

బొబ్బిలి_మనవరాలు:
రాత్రి మొదటి ప్రయత్నం చేశాను. ఒకటి మాడింది, రెండోది చీలింది, మూడోది సగం వచ్చింది. గ్యాస్ మీద పెడితే కింది చుట్టు మరీ పొట్టిగా ఉండి మంట నేరుగా మధ్యలోనే తగులుతోంది, మధ్యలో నలుపు, అంచులు పచ్చి. తిప్పుతుంటే స్టవ్ కాళ్లకి తగిలి పూర్తిగా తిరగడం లేదు. ఏం చెయ్యాలి?

టెక్కలి_మాస్టారు:
అది లో బేస్, అంటే పొట్టి చుట్టు రకం అమ్మా. ఇనుప పొయ్యి కన్నంలో కూర్చునేలా చేసినది. గ్యాస్ పొయ్యిల కోసం వాళ్లే ఎత్తు చుట్టుతో వేరే చేశారు. మీ నాన్నమ్మ కుంపటి అన్నారు కదా, కుంపటే సరైనది. బొగ్గుల వేడి మొత్తం పరుచుకుంటుంది.

పెనం_ప్రియుడు:
కుంపటి లేకపోతే ఊళ్లో ఎవరైనా వెల్డర్‌తో మూడంగుళాల ఎత్తు ఇనుప చుట్టు చేయించుకోండి, దాని మీద ఇది కూర్చోవాలి. పిండి పోసే ముందు రెండు వైపులా చెరో ఐదు నిమిషాలు, చిన్న మంట మీద. నీళ్లు చిలకరిస్తే చుక్కలు గంతులేస్తూ పోవాలి. పిండి పోసి మూయగానే వెంటనే తిప్పెయ్యండి, అప్పుడు పై పళ్లెంలో ఉన్న వేడి కిందకి వచ్చి పిండి రెండు వైపుల గళ్లల్లోకీ దిగుతుంది. తరవాత రెండు నిమిషాలు, మళ్లీ తిప్పి రెండు నిమిషాలు. స్ప్రే డబ్బాల నూనె వాడొద్దు, జిగురు వదులుతుంది. అట్లకి వాడే ఉల్లిపాయ ముక్క గళ్లల్లోకి దిగదు, పుల్లకి గుడ్డ కట్టి నెయ్యి రాయండి. మొదటిది ఎప్పుడూ పోతుంది, అది పెనం తినేదే అనుకోండి.

సూర్యమహల్_అక్క:
పంచదార ఎంత వేశావమ్మా?

బొబ్బిలి_మనవరాలు:
పంచదార కాదు, తురిమిన బెల్లం వేశాను. నాన్నమ్మకి ఇష్టం అని అర కప్పు.

సూర్యమహల్_అక్క:
అదే మరి మాడింది! బెల్లం పిండిలో కలిపితే ముందు అది మాడి ఇనుముని పట్టేస్తుంది. పిండి చప్పగా కలిపి, బెల్లం పాకం పైన పొయ్యి. తాటిబెల్లం పాకంలో చిటికెడు ఏలకుల పొడి వేస్తే ఇంకేమీ అక్కర్లేదు. నార్వే వాళ్లు పిండిలోనే ఏలకులు వేసి పువ్వులా, గుండె ఆకారాలు కలిసినట్టుండే వాఫుల్స్ చేస్తారు, నేను ఓసారి చేశాను, మన నాలుకకి వెంటనే నచ్చుతుంది.

ఇంకా, మైదాలో మూడో వంతు చోడిపిండి (రాగిపిండి) వేసి చూడు. అంతకు మించి వేస్తే పొడిపొడిగా విరుగుతుంది, చోడికి మైదాలా సాగే గుణం లేదు. నేను శనివారాలు గుడ్డు లేకుండా పుల్లమజ్జిగ, వంటసోడాతో చేస్తాను, కాస్త మెత్తగా వస్తుంది కానీ రుచి బాగుంటుంది.

బొబ్బిలి_మనవరాలు:
ఇరవై నాలుగు గంటల తరవాత మళ్లీ వచ్చాను. పక్కింటి మామ్మగారి దగ్గర కుంపటి దొరికింది. అక్క చెప్పిన కొలతలతో, బెల్లం లేకుండా చేశాను. వచ్చింది! ఎర్రగా, గళ్లు గళ్లుగా, పట్టుకారుతో లాగాల్సిన పని లేకుండా తనంతట తనే ఊడి వచ్చింది. ఇంట్లో అందరం చప్పట్లు కొట్టాం.

కానీ నాన్నమ్మ ఒక ముక్క తిని "బాగుందే, కానీ మాయమ్మ చేసినట్టు లేదు, ఆ వాసన ఏది" అంది. ఏ వాసనో ఆవిడ చెప్పలేకపోతోంది. వాళ్లమ్మ రాత్రే పిండి కలిపి గిన్నె మీద గుడ్డ కట్టి ఉంచేదట, పొద్దుటికి పొంగేదట. మన దిబ్బరొట్టె పిండిలాగా మినప్పప్పు ఏమైనా వేసేవారా అని అడిగితే కాదంది.

టెక్కలి_మాస్టారు:
దొరికింది తల్లీ. బేకింగ్ పౌడర్ వాడకం పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలోనే పెరిగింది. అంతకు ముందు వాఫుల్స్ ఈస్ట్‌తో పులియబెట్టే చేసేవారు, ఆ పాత పద్ధతి వదలని ఇళ్లు తరవాత కూడా ఉన్నాయి. బెల్జియం వాళ్లు ఇప్పటికీ కొన్ని రకాలు ఈస్ట్‌తోనే చేస్తారు. మీ ముత్తవ్వ దొరసాని దగ్గర నేర్చుకున్నది ఆ పులిసిన పిండే అయి ఉంటుంది. మన దేశంలో ఈస్ట్ దొరకని చోట రొట్టెలకి తాటికల్లు వాడేవారు. అది వాడేవారేమో అడుగు.

బొబ్బిలి_మనవరాలు:
అడిగాను మాస్టారూ. "మిషన్ ఇంట్లో కల్లేటి, చెవులు మెలేసేవారు" అంది. కానీ వెంటనే ఇంకోటి గుర్తొచ్చింది ఆవిడకి. ముందు సారి పిండిలో ఒక ముద్ద తీసి చిన్న జాడీలో దాచేదట, దాన్నే మళ్లీ కొత్త పిండిలో కలిపేదట. ఆ జాడీ మూత తీస్తే పుల్లటి వాసన వచ్చేదట. ఇది చెప్తున్నప్పుడు ఆవిడ ముఖం చూడాలి మీరు.

సూర్యమహల్_అక్క:
పాత పిండి ముద్ద! మనం దోసెల పిండికి చేసినట్టే. అది తయారవడానికి వారం పైన పడుతుంది, నీకు పండగ నాలుగు రోజుల్లోనే ఉంది కాబట్టి ఇప్పుడు ఈస్ట్‌తో చెయ్యి. మైదా రెండు కప్పులు, గోరువెచ్చటి పాలు ఒక కప్పు, పుల్లమజ్జిగ ఒక కప్పు, కరిగిన నెయ్యి అర కప్పు, ఇన్‌స్టంట్ ఈస్ట్ అర టీస్పూన్, పంచదార ఒక టీస్పూన్, ఉప్పు. రాత్రి కలిపి పెద్ద గిన్నెలో పెట్టు, రెండింతలు పొంగుతుంది. ఈ చలికి బయటే ఉంచొచ్చు, ఎండాకాలం అయితే పాలు పాడవుతాయి కాబట్టి నాలుగు గంటలు చాలు, తరవాత ఫ్రిజ్. పొద్దున్న రెండు గుడ్లు, పావు టీస్పూన్ వంటసోడా వేసి కలుపు. పిండి పల్చగా ఉంటుంది, భయపడకు. కొంచెం తీసి జాడీలో పెట్టుకోవాలంటే గుడ్లు వెయ్యక ముందే తియ్యాలి.

వైండింగ్_అన్న:
ఉద్దానం తమ్ముడి ఐరన్ వచ్చింది. రెండు కాయిల్స్ సీరీస్‌లోనే ఉన్నాయి, కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే దారి. వైరు మార్చాను, ఎర్త్ కలిపాను, మెగ్గర్‌లో లీకేజీ లేదు. మా ఆవిడ రేపు పిండి కలుపుతానంటోంది, మనవరాలమ్మా, ఆ ఈస్ట్ పిండి ఎలా వచ్చిందో చెప్తే అదే చేస్తాం.

బొబ్బిలి_మనవరాలు:
భోగి పొద్దున్న ఐదున్నరకి చేశాను. భోగి మంటలోని నిప్పులే కుంపట్లోకి తెచ్చాం. పిండి గిన్నె మూత తీయగానే నాన్నమ్మ వాకిట్లోంచే "అదిగో" అంది. అంతే, ఇంకేమీ అనలేదు. మొదటిది పెనం తింది, రెండోది ఆవిడకి పెట్టాను, తాటిబెల్లం పాకంతో. పైన కరకర, లోపల దూదిలా, కొంచెం పులుపు. ఆవిడ మూడు తిన్నది, మామూలుగా ఇడ్లీ ఒకటిన్నర తినే మనిషి. తరవాత పెనం తనే తిప్పింది, ఎడమ చేత్తో కుంపటి విసురుతూ కుడి చేత్తో పిడి పట్టుకుని, ఆ తిప్పడం చూస్తే ఎప్పుడూ మానేసినట్టు లేదు.

అన్నా, మీ ఆవిడకి ఈ పిండే చెప్పండి. గుడ్లు వెయ్యక ముందు ఒక ముద్ద తీసి జాడీలో పెట్టాను. పెనాన్ని చివర్లో సబ్బుతో కడగాలా వద్దా?

పెనం_ప్రియుడు:
వేడిగా ఉన్నప్పుడే పొడి బ్రష్‌తో తుక్కు దులిపి, గుడ్డతో తుడిస్తే చాలు. ఏమైనా అంటుకుంటే వేడినీళ్లు, ఒక చుక్క సబ్బు పెట్టినా గట్టిపడిన పొర పోదు, కానీ నానబెట్టొద్దు. పొయ్యి మీద ఆరబెట్టి, నూనె గుడ్డతో తుడిచి, రెండు పళ్లేల మధ్య ఒక కాగితం ముక్క పెట్టి, కొంచెం తెరిచి ఉంచండి. గోనెసంచి వద్దు, అది తేమ పట్టుకుంటుంది. జాడీకి మూత బిగించకండి, పొంగుతుంది. రోజూ ఒక చెంచా మైదా, ఒక చెంచా నీళ్లు వెయ్యండి.